నాన్న ఇంటికి ఓనరు పని

హైదరాబాద్‌లోని ఉప్పల్‌లో మా నాన్న ఉద్యోగంలో ఉండగా కొన్న రెండు వందల గజాల స్థలంలో ఇల్లు ఒకేసారి లేవలేదు. పీఎఫ్ డబ్బుతో ఒక అంతస్తు, అక్క పెళ్లయ్యాక మరొకటి, రిటైరయ్యాక పైది. కింద రోడ్డు వైపు రెండు షట్టర్లు, వాటి వెనక ఒక పోర్షన్, మొదటి అంతస్తులో రెండు పోర్షన్లు, రెండో అంతస్తులో అమ్మానాన్నలు. 2021లో నాన్నకు మోకాలి ఆపరేషన్ అయింది. మెట్లు ఎక్కడం కష్టమై ఇద్దరూ నాగోల్‌లోని మా ఫ్లాటుకు వచ్చేశారు. పై ఇల్లు కూడా అద్దెకిచ్చి, తాళాలూ లెక్కల పుస్తకమూ నాకు అప్పజెప్పారు.

నేను జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. అద్దె అంటే ఏమిటో ఏటా పిల్లలకు నిర్వచనం రాయించే మనిషిని. అద్దె వసూలు చేయడం ఆ పాఠంలో లేదని త్వరలోనే తెలిసొచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్లు మొదట్లో నాతో ఏ విషయమూ తేల్చేవారు కాదు. "సార్ ఎప్పుడు వస్తారు మేడమ్, ఆయనతో మాట్లాడతాం" అనేవారు. సార్ అంటే మా ఆయన. ఆ ఇంట్లో మోటారు స్విచ్చి ఎక్కడుందో కూడా ఆయనకు తెలియదు.

నాన్న లెక్కల పుస్తకం ఒక లాంగ్ నోటుబుక్కు. పేజీకి ఒక పోర్షన్. "మార్చి నెల – ముట్టినది" అని పచ్చ సిరాతో రాసి, కింద చిన్న సంతకం. అద్దెలన్నీ పైసా తేడా లేకుండా ఉన్నాయి కానీ ఎవరు ఎంత అడ్వాన్సు ఇచ్చారో మాత్రం ఎక్కడా లేదు. అగ్రిమెంటు ఒక్క షట్టరుకే ఉంది, దానికీ గడువు ఎప్పుడో తీరిపోయింది. మిగతావాళ్లంతా మాట మీద ఉన్నవాళ్లే. "మనుషులను చూసి ఇచ్చాను, కాగితాలను చూసి కాదు" అన్నారు నాన్న. ఆయన రోజూ అదే ఇంట్లో ఉండేవారు, ప్రొద్దున పాలకు వెళ్తూ అందరినీ పలకరించేవారు. అలా ఉన్నవాళ్లకు మాట సరిపోతుంది. నెలకోసారి స్కూటీ మీద వచ్చే నాకు కాగితమే కావాలి.

అందుకని మొదటగా చేసిన పని అడ్వాన్సులు తేల్చుకోవడం. ప్రతి పోర్షన్‌కూ వెళ్లి, ఎంత ఇచ్చారో వాళ్లనే చెప్పమని, అది అక్కడే తెల్ల కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాం. కింద పోర్షన్ ఆవిడ ఇరవై వేలు అన్నారు, నాన్నకు పది వేలని గుర్తు. ఆవిడ బీరువాలోంచి పాత బ్యాంకు పాసుపుస్తకం తీసి, రెండు దఫాలుగా డ్రా చేసిన పద్దులు చూపించారు. వాదన అక్కడితో సరి. ఖాళీ చేసే రోజున ఇదే తేడా వచ్చి ఉంటే, సామాను లారీలో సగం ఎక్కించి నడిరోడ్డు మీద తేల్చుకోవలసి వచ్చేది.

ఆ తర్వాత తెలిసిన ఇంకో సంగతి, ఇల్లు నాన్న పేరున ఉన్నప్పుడు అగ్రిమెంటు మీద నా సంతకం చెల్లాలంటే ఆయన నాకు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున పనులు చూసే అధికార పత్రం, రాసివ్వాలి. చాలా ఇళ్లలో కొడుకులో కూతుళ్లో ఊరికే సంతకం పెట్టేస్తుంటారు. గొడవ రానంత కాలం ఎవరూ అడగరు. వచ్చిందంటే అవతలి వకీలు మొదట వేసే ప్రశ్న అదే. ఆదాయపు పన్ను సంగతీ ఇలాంటిదే. అద్దె నా ఖాతాలో పడినంత మాత్రాన అది నా ఆదాయం కాదు, ఇల్లు ఎవరిదో వారి ఆదాయం. అందుకే అద్దెలన్నీ నాన్న బ్యాంకు ఖాతాకే వచ్చేలా చేసి, ఆయన రిటర్నులోనే చూపిస్తున్నాం. వచ్చిన అద్దెలోంచి మనం కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలిన దాంట్లో 30 శాతం మినహాయింపు ఇస్తారు. మరమ్మతులకు లక్ష ఖర్చయినా, ఒక్క రూపాయి ఖర్చు కాకపోయినా ఆ 30 శాతమే. రంగుల బిల్లులు దాచి ప్రయోజనం లేదు. ఇంటి పన్ను రసీదు మాత్రం దాచాలి. ఏడాది మొత్తం ఏప్రిల్‌లోనే ఒకేసారి కట్టేవారికి నగరపాలక సంస్థ 5 శాతం తగ్గింపు ఇస్తూ వస్తోంది కాబట్టి అది ఏప్రిల్‌లోనే కట్టేస్తాను. ఏడాదికి లక్ష దాటిన అద్దెకు ఉద్యోగులు హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కోసం ఓనరు పాన్ నంబరు అడుగుతారు. నాన్న రోజుల్లో ఆ నంబరు అడిగితే ఆయన ముఖం మాడ్చుకునేవారు. పన్ను కడుతున్నప్పుడు దాచాల్సిన పనేముందని నేను అగ్రిమెంటులోనే రాసి ఇచ్చేస్తున్నాను.

ఇక అగ్రిమెంటు. రిజిస్ట్రేషన్ ఆఫీసుల చుట్టుపక్కల దుకాణాల్లో అచ్చేసిన నమూనా దొరుకుతుంది. పేర్లు, అద్దె, తేదీ నింపి స్టాంపు పేపరు మీద ప్రింటు తీసి ఇస్తారు. గడువు ఎప్పుడూ 11 నెలలే. దీనికి కారణం అద్దెకున్నవాళ్లకు హక్కులు పుట్టకుండా చేసే తంత్రం అని చాలామంది నమ్మకం. అదేమీ కాదు. దేశమంతటికీ చేసిన 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన గడువుతో రాసుకున్న లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చూ తిరుగుడూ లేకుండా ఏడాదికి లోపల పెట్టుకుంటున్నారు, అంతే. (ఉమ్మడి రాష్ట్రంలో 1999లో చేసిన సవరణ ప్రకారం మన దగ్గర ఏ గడువు లీజుకైనా రిజిస్ట్రేషన్ ఉండాలి, అయినా ఆ అలవాటు పోలేదు.) పన్నెండేళ్లు ఒకే ఇంట్లో ఉంటే ఇల్లు వాళ్లదైపోతుందన్న భయం కూడా అలాంటిదే. మన అనుమతితో, అద్దె కడుతూ ఉన్న మనిషి ఎన్నేళ్లున్నా అద్దెకున్న మనిషే. మా కింద పోర్షన్ ఆవిడ అక్కడికి వచ్చి పదిహేనేళ్లు దాటింది. చుట్టాలు హెచ్చరించారని ఆవిడను పంపించేసి ఉంటే, నెల నెలా మూడో తారీఖు దాటనివ్వకుండా అద్దె పంపే మనిషిని పోగొట్టుకునేవాళ్లం.

అచ్చు నమూనాలో లేనివి నేను కలిపినవి కొన్ని ఉన్నాయి. అద్దె ఏ తేదీలోగా, ఏ ఖాతాకు రావాలి. ఏడాది తిరిగాక ఎంత శాతం పెరుగుతుంది. అడ్వాన్సును నెలవారీ అద్దె కింద సర్దుబాటు చేసుకోకూడదు. ఇంట్లో ఉండే వారి పేర్లు. ఖాళీ చేయాలంటే ఎవరైనా నెల ముందు వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా చెప్పాలి. గోడల్లో పైపు పగిలినా, స్లాబు కారినా ఖర్చు మాది. కుళాయి వాషరు, బల్బు, పిల్లలు విరగ్గొట్టిన తలుపు గడియ వాళ్లది. రంగుల గురించి ఒక వాక్యం తప్పనిసరిగా ఉండాలి. మన దగ్గర ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం ఆనవాయితీ అయిపోయింది. ఆస్తి బదిలీ చట్టం అడిగేది, మామూలు వాడకంలో వచ్చే అరుగుదల మినహాయించి, ఇచ్చినప్పటి స్థితిలో అప్పగించమని మాత్రమే. నాలుగేళ్లున్న కుటుంబం దగ్గర గోడలు మాసిపోయాయని డబ్బు కోయడం నాకు న్యాయమనిపించదు. రెండేళ్లలోపు వెళ్తే రంగుల ఖర్చులో సగం వాళ్లది, రెండేళ్లు దాటితే పూర్తిగా మాది అని రాస్తున్నాను. ఇలా రాసినప్పటి నుంచి రంగుల గొడవ రాలేదు.

తాళాలిచ్చే రోజున కొత్తగా దిగేవాళ్లతో కలిసి గది గదీ తిరుగుతూ ఫోనులో వీడియో తీస్తాను. కిటికీ అద్దాలు, ఫ్యాన్లు, గీజరు, సింకు కింద పైపు, బాత్రూము పలకల మీద పగుళ్లు, చివరగా కరెంటు మీటరు మీద అంకెలు. ఆ వీడియోను అక్కడే వాళ్లకు పంపిస్తాను. పాలు పొంగించుకునే రోజున వాళ్లు హడావుడిలో ఉంటారు కాబట్టి ముందు రోజే తాళాలిచ్చి ఈ పని ముగించాలి.

కరెంటు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మొదటి అంతస్తులో రెండు పోర్షన్లకూ కలిపి ఒకటే మీటరు ఉండేది, లోపల సబ్‌మీటరు పెట్టి పంచుకునేవారు. ప్రతి నెలా బిల్లు రాగానే మెట్ల మీద పంచాయితీ. "అక్కా, మాది నూట ఎనభై యూనిట్లే కదా, ఇంత బిల్లు ఎట్లా వస్తుంది?" అని ముందు పోర్షన్ అమ్మాయి అడిగేది. ఆ అమ్మాయి ప్రశ్న సరైనదే. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలైన ధరలు తీసుకుంటే, 180 యూనిట్లు కాలిన ఇంటికి మొదటి వందకు యూనిటు 3.40 చొప్పున, మిగతా ఎనభైకి 4.80 చొప్పున 724 రూపాయలవుతుంది. అలాంటివి రెండు వేర్వేరు మీటర్లయితే 1,448. అదే రెండూ ఒకే మీటరు మీద 360 యూనిట్లయితే శ్లాబు మారిపోతుంది. మొదటి రెండు వందలకు 5.10, తర్వాతి వందకు 7.70, మిగతా అరవైకి 9 రూపాయల చొప్పున 2,330. ఇతర చార్జీలు వదిలేసినా నెలకు 882 రూపాయలు వృథా. రెండో పోర్షన్‌కు వేరే సర్వీసు తీయించడానికి అయిన ఖర్చు నాన్నకు మొదట నచ్చలేదు. ఈ లెక్క నల్లబల్ల మీద వేసినట్టు కాగితం మీద వేసి చూపించాక ఒప్పుకున్నారు.

అది మంచికే అయింది. 2024లో గృహజ్యోతి పథకం వచ్చి, రేషన్ కార్డున్న ఇళ్లకు 200 యూనిట్ల వరకు బిల్లు లేకుండా పోయింది. అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. మీటరు సర్వీసు నంబరు ఇవ్వమని మా వాళ్లు అడిగారు. కాలనీలో కొందరు ఓనర్లు ఇవ్వనన్నారు. ఆధార్‌తో ముడిపడితే రేపు మీటరు తమ చేయి దాటిపోతుందని అనుమానం. మీటరు పేరు మారదు, ఇంటి మీద హక్కు అంతకంటే మారదు. నేను నంబరిచ్చాను. ఖాళీ చేసి వెళ్లేటప్పుడు ఆ అనుసంధానం తీయించుకుని వెళ్లాలని మాత్రం అగ్రిమెంటులో ఒక గీత కలిపాను. ఎందుకంటే కొత్తగా వచ్చేవాళ్లకూ అదే నంబరు కావాలి.

నీళ్ల దగ్గర మాత్రం నా అర్థశాస్త్రం పనిచేయలేదు. మార్చి దాటితే బోరు సన్నగిల్లుతుంది, ట్యాంకరు తెప్పించాలి. పోర్షన్ల వారీగా పంచితే ఇద్దరే ఉన్నవాళ్లు ఒప్పుకోరు, తలల వారీగా పంచితే ఆరుగురున్నవాళ్లు ఒప్పుకోరు. చివరికి తలల లెక్కే ఖాయం చేశాను. చంటిపిల్లలను లెక్కలోంచి తీసేశాం. దానితో పెద్ద కుటుంబం వారు మెత్తబడ్డారు. మోటారు ఎవరు వేయాలి, ఎవరు ఆపాలి అన్నది ఇంకో తంటా. ఓవర్‌హెడ్ ట్యాంకు నిండి గోడ వెంబడి నీళ్లు కారుతుంటే ఎవరికి వారు ఎదుటివాళ్లు ఆపుతారులే అని కూర్చునేవారు. నీటి మట్టం చూసి తనంతట తానే ఆగిపోయే కంట్రోలరు ఒకటి బిగించాను. ఇంటి మీద ఇన్నేళ్లలో పెట్టిన ఖర్చులన్నిటిలో నాకు ఎక్కువ ప్రశాంతత ఇచ్చింది అదే.

ఇక అసలు కథ రెండో అంతస్తుది. ఫంక్షన్లకు స్టేజీ డెకరేషన్ చేసే ఒకాయన భార్యాపిల్లలతో దిగారు. అద్దె పదహారు వేలు, అడ్వాన్సు రెండు నెలలది. మాట తీరు బాగుంటుంది, మా అమ్మ కనిపిస్తే కాళ్లకు దండం పెట్టేవారు. కొన్నాళ్లు సక్రమంగా కట్టారు, తర్వాత సగం, ఆ తర్వాత "మూఢంలో పెళ్లిళ్లు లేవు మేడమ్, ముహూర్తాలు మొదలవగానే మొత్తం ఇచ్చేస్తాను". ముహూర్తాలు వచ్చాయి, పోయాయి. ఫోను ఎత్తడం మానేశారు. వెళ్లి తలుపు కొడితే ఆవిడ వచ్చి "ఆయన ఊళ్లో లేరు" అనేది. అప్పటికి బాకీ నాలుగు నెలలు.

అప్పుడు సలహాలు ఎలా వస్తాయో చూడాలి. కరెంటు ఫ్యూజు పీకెయ్యమన్నారు ఒకరు. వాళ్లు బయటికెళ్లినప్పుడు తాళం మార్చెయ్యమన్నారు మా బాబాయి. ఒకరైతే ఎవరో "మనుషులను" పంపిస్తానన్నారు. వకీలు దగ్గరికి వెళ్తే ఆయన మొదట చెప్పింది ఇవేవీ చేయవద్దనే. బాకీ ఉన్నా సరే, చట్టప్రకారం కాకుండా ఇంట్లోంచి గెంటేస్తే, అద్దెకున్న మనిషి 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి మళ్లీ అదే ఇంట్లోకి రావచ్చు. అక్కడ ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు, ఎవరు గెంటారన్నదే చూస్తారు. నీళ్లూ కరెంటూ ఆపినా అంతే, ఆపకూడదని కోర్టు నుంచి ఉత్తర్వు (ఇంజంక్షన్) తెచ్చుకుంటారు. మనం బాకీ రావలసినవాళ్లం కాస్తా ముద్దాయిలమవుతాం.

మన దగ్గర 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఒకటి ఉంది. అందరూ "రెంట్ కంట్రోలు కోర్టు" అంటారు. హైదరాబాద్‌లో నెల అద్దె 3,500 దాటిన ఇళ్లకు అది వర్తించదు. కాబట్టి ఈ రోజుల్లో దాదాపు అన్ని గొడవలూ ఆస్తి బదిలీ చట్టం కింద మామూలు సివిల్ కోర్టుకే వెళ్తాయి. (ఆంధ్రప్రదేశ్‌లో 2017లో వేరే అద్దె చట్టం చేశారు. అక్కడ ఇళ్లున్నవాళ్లు అక్కడి వకీలునే అడగాలి.) నెలవారీ అద్దె ఇంటిని ఖాళీ చేయించాలంటే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 కింద కనీసం 15 రోజుల గడువిచ్చి రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నాన్న పేరున, నా పవర్ ఆఫ్ అటార్నీ ఉటంకిస్తూ, బాకీ నెలలన్నీ విడివిడిగా చూపుతూ నోటీసు తయారైంది. రిజిస్టర్డ్ పోస్టులో పంపితే ఆయన తీసుకోలేదు. "తిరస్కరించారు" అన్న పోస్టుమాన్ రాతతో కవరు వెనక్కి వచ్చింది. నాకు చప్పున నీరసం వచ్చింది కానీ వకీలు మాత్రం ఆ కవరును విప్పకుండా అలాగే ఫైలులో పెట్టుకున్నారు. సరైన చిరునామాకు పంపిన నోటీసును కావాలని తిప్పి పంపితే అందినట్టే లెక్క. విప్పితే లోపల ఏముందో కోర్టులో మళ్లీ రుజువు చేసుకోవాలి.

నోటీసు గడువు దాటాక ఒక రాత్రి యూపీఐలో పదహారు వేలు వచ్చి పడ్డాయి. మా అమ్మ సంతోషించింది. ఇక్కడే జాగ్రత్త పడాలి. గడువు దాటిన తర్వాతి కాలానికి అద్దెగా ఆ డబ్బు తీసుకుంటే, నోటీసును మనమే వదులుకున్నట్టు వాదించే అవకాశం అదే చట్టంలోని సెక్షన్ 113 ఇస్తుంది. ఆ రాత్రే ఆయనకు మెసేజి పెట్టాను, ఇది పాత బాకీలో మొదటి నెలకు జమ చేసుకున్నాం, నోటీసు అలాగే అమల్లో ఉంది అని. మర్నాడు అదే సంగతి ఉత్తరంగా కూడా వెళ్లింది. ఆయన మళ్లీ డబ్బు వేయలేదు, ఈలోగా ఇంకో నెల అద్దె బాకీలో కలిసింది.

దావా వేస్తే ఏళ్లు పడుతుందని అందరికీ తెలుసు. వకీలే ముందుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్దామన్నారు. కేసు వేయకముందే ఇరుపక్షాలనూ పిలిచి రాజీ కుదిర్చే పద్ధతి అక్కడ ఉంది. కోర్టు ఫీజు లేదు. మామూలు కాగితం మీద దరఖాస్తు, దానికి నోటీసు నకలు, అద్దె జమల బ్యాంకు స్టేట్‌మెంటు, అగ్రిమెంటు జత చేసి ఇచ్చాం. అవతలి మనిషికి పిలుపు అక్కడి నుంచి వెళ్తుంది. నా ఫోను ఎత్తని మనిషి ఆ పిలుపుకు వచ్చారు. ప్రభుత్వ ముద్ర ఉన్న కవరుకు మన దేశంలో ఆ మాత్రం విలువ ఉంది.

మొదటిసారి ఆయన గొంతు పెంచి, రూఫు కారుతున్నా బాగు చేయించలేదన్నారు. దిగిన రోజు వీడియో, ఆ తర్వాత స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ చేయించిన బిల్లు చూపించాను. రెండోసారి భార్య కూడా వచ్చింది. మాట్లాడింది ఆవిడే. పిల్లల పరీక్షలయ్యేదాకా ఉండనివ్వమని, ఆ తర్వాత ఒక్క రోజు కూడా ఉండబోమని చెప్పింది. నాకు అది న్యాయంగానే తోచింది, నేనూ పిల్లలకు పాఠాలు చెప్పేదాన్నే. బాకీ మొత్తం 64 వేలుగా తేల్చి, అడ్వాన్సు 32 వేలు అందులో సర్దుబాటు చేసి, ఇంకో 20 వేలు రెండు వాయిదాల్లో ఇచ్చేలా, పరీక్షలు ముగిసిన నెలాఖరుకు ఖాళీ చేసేలా రాసుకున్నాం. పరీక్షల నెలల అద్దె ఏ నెలకు ఆ నెల కట్టాలి. లోక్ అదాలత్ బెంచి ముందు సంతకాలయ్యాయి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మాట తప్పితే కొత్తగా దావా వేయక్కర్లేదు, నేరుగా అమలు చేయించుకోవచ్చు. ఆ సంగతి అక్కడే ఆయనకు నిదానంగా వివరించారు. చెప్పిన నెలలోనే ఖాళీ చేశారు.

"అయితే పన్నెండు వేలు పోయినట్టే కదా" అన్నారు నాన్న. పోయాయి. దావా వేసి, అది తేలేదాకా వకీలు ఫీజు కడుతూ, అద్దె రాని ఇంటి వైపు చూస్తూ కూర్చుంటే ఆ పన్నెండు వేలు కొన్ని వారాల్లోనే దాటిపోయేవి. బాకీ పూర్తిగా రాబట్టాలన్న పట్టుదల కంటే ఇల్లు త్వరగా చేతికి రావడమే లాభమని ఇప్పటికీ నా అభిప్రాయం. ఆయన చివరి వాయిదా కాస్త ఆలస్యంగానే అయినా ఇచ్చారు. తాళాలిచ్చిన రోజున కరెంటు బిల్లు బాకీ చూసుకుని, మీటరు రీడింగు ఫోటో తీసి, ఇద్దరికీ ఇక ఇచ్చిపుచ్చుకునేవి ఏమీ లేవని ఒక కాగితం రాసుకున్నాం. ఆ కాగితం అందరి దగ్గరా తీసుకుంటాను, మంచివాళ్ల దగ్గర కూడా.

ఆ ఇంటికి తర్వాత ఎవరిని పెట్టాలన్నప్పుడు కాలనీ మొత్తం నాకు ఇంటర్వ్యూ పద్ధతి నేర్పింది. "మీరేమిట్లు?" అని ముందు అడగాలట. పెళ్లికానివాళ్లకు ఇవ్వకూడదట. నేను అడిగేవి నాలుగే. ఏం చేస్తారు, ఎంతమంది ఉంటారు, జీతంలో ఈ అద్దె ఎన్నో వంతు, ఇంతకుముందు ఉన్న ఇంటి ఓనరు ఫోను నంబరు. చివరిది అడగగానే కొందరు మళ్లీ కనిపించరు. పాత ఓనరుకు ఫోను చేసి అద్దె సంగతి కాకుండా "ఖాళీ చేసేటప్పుడు ఎలా వెళ్లారు?" అని అడుగుతాను, అసలు మనిషి అక్కడే తెలుస్తాడు. చివరికి ఒక ఆసుపత్రిలో నర్సులుగా పనిచేసే ముగ్గురు అమ్మాయిలకు ఇచ్చాను. నైట్ డ్యూటీలకు వెళ్లి వస్తుంటే ఎదురింటి పెద్దావిడ గొణుక్కునేది. ఆమెకు బీపీ చూసేది ఇప్పుడు ఆ అమ్మాయిలే. ముగ్గురి ఆధార్ నకళ్లూ పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నాను. నంబరు పూర్తిగా కనిపించని నకలు ఇచ్చుకోమని వాళ్లకు నేనే చెప్పాను.

కేంద్ర మంత్రివర్గం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో, ఇంట్లోకి రావాలంటే ఓనరు 24 గంటల ముందు చెప్పాలని, నివాసానికి రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదని ఉంది. దాన్ని రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. నేను ఎవరి చట్టం కోసమూ ఆగకుండా ఆ రెండూ పాటిస్తున్నాను. నాన్న ఆ ఇంట్లో ఉన్న రోజుల్లో చెప్పకుండానే అద్దెవాళ్ల పోర్షన్లలోకి వెళ్లి కొళాయిలు తిప్పి చూసేవారు. ఆయన అలవాటు మాన్పించడానికి అద్దెవాళ్లతో కంటే నాన్నతోనే నేను ఎక్కువ వాదించాను.

డాలస్‌లో ఉన్న మా అక్కకు కొండాపూర్‌లో ఒక ఫ్లాటు ఉంది. అది కూడా నన్నే చూసుకోమంది. విదేశాల్లో ఉన్న ఓనరుకు అద్దె ఇచ్చేవాళ్లు, ఆ అద్దె ఎంత తక్కువైనా సరే, 30 శాతానికి పైగా పన్ను కోసి ప్రభుత్వానికి కట్టి మిగతాది ఇవ్వాలి. ఇది తెలియని అద్దెవాళ్లే ఎక్కువ, తెలిసినవాళ్లు ఆ ఫ్లాటు వద్దంటారు. అక్కకు చెప్పి, అద్దెకు వచ్చేవాళ్లకు ఈ లెక్క ముందుగానే వివరించి, తాను పనిచేసే కంపెనీ ఆడిటరు సాయంతో ఆ పన్ను కట్టగల వ్యక్తినే చూశాం.

పంచాంగం గురించి ఓనర్లు పెద్దగా పట్టించుకోరు కానీ పట్టించుకోవాలి. ఆషాఢంలో, పుష్యంలో కొత్త ఇంట్లోకి ఎవరూ దిగరు. శ్రావణంలో వచ్చినవాళ్లకు అందరిలా 11 నెలలు రాసిస్తే గడువు సరిగ్గా వచ్చే ఏడు ఆషాఢంలో తీరుతుంది, ఇల్లు ఖాళీగా పడి ఉంటుంది. అదే జూన్ ఒకటిన దిగితే 11 నెలలకు ఏప్రిల్ చివరికి వస్తుంది. బడులకు సెలవులు, ఇళ్లు వెతుక్కునేవాళ్లు వీధి వీధీ తిరుగుతుంటారు. అందుకని ఆగస్టులో వచ్చినవాళ్లకు మొదటి అగ్రిమెంటు తొమ్మిది నెలలకే రాసి, ఆ తర్వాత 11కు మారుస్తాను. నర్సమ్మాయిలకు ఈ లెక్క చెబితే నవ్వారు, సంతకం మాత్రం పెట్టారు.

షట్టర్లు వేరే ప్రపంచం. దుకాణదారు ర్యాకులకు, బోర్డుకు, ఏసీకి లక్షలు పెట్టుకుంటాడు. 11 నెలల కాగితం ఆయనకూ నచ్చదు, మాకూ నప్పదు. మందుల దుకాణం పెట్టినాయనకు ఈమధ్యే మూడేళ్ల లీజు రిజిస్టరు చేయించి ఇచ్చాం. స్టాంపు డ్యూటీ చెరిసగం. ఏటా పెంపు ఎంతో అందులోనే ఉంది, బోర్డు వెడల్పు ఎంత ఉండాలో కూడా ఉంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నాన్న కుర్చీలో కూర్చుని ప్రతి పేజీ చదివించుకున్నారు, బోర్డు కొలత దగ్గర ఆగి అరడుగు తగ్గించమన్నారు. తగ్గించారు.